కుండ కింద ఇసక

దానయ్య అనే గురువుకు ఒక అలవాటుంది. ప్రశ్న అడిగినవాడికి జవాబు చెప్పడు, చేతికో పని అప్పగిస్తాడు. దేవుడున్నాడా లేడా అని వాదానికొచ్చిన ఒకడి చేత రెండు రోజులపాటు చిరిగిన వల కుట్టించాడు. మనసు నిలవడం లేదని మొరపెట్టుకున్నవాణ్ణి, చేపలు ఎండబెట్టిన చోట కాకుల్ని తోలమని కూర్చోబెట్టాడు. పని ముగించుకుని వచ్చేసరికి కొందరికి ప్రశ్న తీరిపోయేది, కొందరికి మరపుకొచ్చేది. ఇంకొందరైతే "ఈయనకేటీ తెల్దురా, ఊరికే సాకిరీ సేయించుకుంటాడు" అని గొణుక్కుంటూ రావడమే మానేసేవారు. మానేసినవాళ్ళ మీద ఆయనకు కోపమేమీ ఉండేది కాదు. పడుచుతనంలో తానూ తెప్పకట్టి వేటకెళ్ళిన మనిషే కాబట్టి, వలలో పడకుండా పోయినదాన్ని తలుచుకుని బెంగపెట్టుకునే స్వభావం కాదాయనది.

ఆయన శిష్యుల్లో కొర్లయ్య ఒకడు. తెడ్లపాలేనికి ఊరిపెద్ద. యాభై దాటినవాడు, మాట గట్టివాడు, చేతికి ఎముక లేనివాడు. నాలుగేళ్ళ కిందట సముద్రం తెడ్లపాలేన్ని ఏటేటా ఇన్ని గజాలని కోసుకుపోతుంటే ఊరంతా నెత్తిన చేతులు పెట్టుకుని కూర్చుంది గానీ కొర్లయ్య కూర్చోలేదు. చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ఎక్కని గడప లేకుండా ఎక్కి, చివరికి లారీలకు లారీలు నల్లరాయి తెప్పించి, ఊరి ఉత్తరపు కొసన సముద్రంలోకి చెయ్యి చాపినట్టు ఒక రాతిగట్టు వేయించాడు. ఏడాది తిరక్కుండా గట్టుకు ఇవతల ఇసక మేట వేయడం మొదలెట్టింది. చేపలు ఆరబెట్టుకోడానికి చోటు చాలడం లేదని ఆడవాళ్ళు జుట్లు పట్టుకున్న ఊళ్ళో, ఇప్పుడు పడవలన్నీ పైకి లాక్కున్నాక కూడా పిల్లలు కబడ్డీ ఆడుకునేంత జాగా మిగిలింది. ఆ గట్టుకు జనమే 'కొర్లయ్య గట్టు' అని పేరు పెట్టారు. ఆయన వద్దన్నాడు గానీ, మరీ గట్టిగా వద్దనలేదు. మనలో ఎవరం మాత్రం అంటాం లెండి.

ఆ ఏడాదే, ఉత్తరాన కోసెడు దూరంలో ఉన్న గుల్లలపేటకు ఒడ్డు పోయింది. ముందు ఇసక పోయింది, తర్వాత కొబ్బరిచెట్లు పోయాయి, ఆ తర్వాత రెండు వరసల ఇళ్ళు పోయాయి. పెద్దవల లాగాలంటే ఇటు ఇరవైమంది అటు ఇరవైమంది ఇసకలో కాళ్ళు తన్నిపెట్టి, తాళ్ళు పట్టుకుని వెనక్కి వెనక్కి నడవాలి. కాలు తన్నడానికి నేలే లేకపోతే వలేం లాగుతారు? ఊళ్ళో పెద్దవల దూలానికెక్కింది. మగవాళ్ళు దూరపు రేవులకు కూలికి వెళ్ళిపోయారు. సంగతి తెలిసి కొర్లయ్య ప్రాణం చివుక్కుమంది. ట్రాక్టరు మీద బియ్యం బస్తాలూ చీరలూ వేయించుకుని వెళ్ళి తన చేత్తోనే పంచాడు. ఆ ఊరి ముసలీ ముతకా ఆయనకు చేతులెత్తి దణ్ణం పెట్టారు. ఆ సంవత్సరం గంగమ్మ జాతరలో, రెండూళ్ళ జనమూ కూడి ఉండగా, ఆయన లేచి నిలబడి ఒక మాట కూడా అన్నాడు. "అమ్మ ఊరికే కన్నెర్ర సెయ్యదు. మొక్కులు ఎగ్గొట్టినోళ్ళు ఎవరున్నారో ఆళ్ళకే తెలియాల" అన్నాడు. నమ్మే అన్నాడు, అందులో కల్లాకపటం లేదు. అది మాత్రం చెప్పి తీరాలి.

ఇదంతా జరిగిన మూడేళ్ళకు, ఒకనాడు తెడ్లపాలేనికి ఒక ఇంజినీరమ్మ వచ్చింది. గుల్లలపేటవాళ్ళు పెట్టుకున్న అర్జీ మీద వచ్చింది. చిన్నపిల్లే, కానీ తడబాటు లేని మాట. నలుగురినీ ఒడ్డుకు పిలిచి, పుల్లతో ఇసకలో ఏటవాలు గీతలు గీసింది. "అల తిన్నగా ఒడ్డుకు రాదండీ, దక్షిణం నుంచి ఏటవాలుగా వస్తుంది. వస్తూ వస్తూ గుప్పెడు ఇసక ఎత్తి కాస్త ఉత్తరానికి వేస్తుంది. వెనక్కి పోయేటప్పుడు తిన్నగా దిగిపోతుంది. మళ్ళీ అల, మళ్ళీ గుప్పెడు. ఇలా ఏడాది పొడుగునా ఇసక నడుస్తూనే ఉంటుంది. మీ ముందున్నది మీ ఊరి ఇసక కాదు, దారిలో ఉన్న ఇసక. మీరు దారికి అడ్డంగా గట్టు వేశారు. గుల్లలపేటలో అల తీసుకుపోయేది తీసుకుపోతూనే ఉంది, ఇక్కణ్ణుంచి వెళ్ళాల్సింది మాత్రం ఆగిపోయింది" అంది. గట్టును ఇంకా పొడిగించాలా, లేక మధ్యలో గండికొట్టి ఇసకకు దారి వదలాలా అన్నది తేల్చడానికి గురువారం మధ్యాహ్నం పెద్ద అధికారులు వస్తారనీ, ఊరిపెద్ద మాట కాగితం మీద రాసుకుంటారనీ చెప్పి వెళ్ళిపోయింది. పొడిగిస్తే గుల్లలపేటలో మిగిలిన ఇళ్ళు కూడా పోతాయి. గండికొడితే తెడ్లపాలెం మేటలో సగం కరిగిపోతుంది. ఆ రెండు ముక్కలూ ఆమె దాచకుండానే చెప్పింది.

ఆమె జీపు కదలగానే ఊరు గోలెత్తింది. పొడిగించాల్సిందేనన్నారు. ఎవడి ఊరు వాడు చూసుకోవాలన్నారు. కొర్లయ్య ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఆ పూట నుంచి ఆయనకు గట్టు వైపు చూడాలంటే ఇబ్బందిగా ఉండి, ఇంటి అరుగు మీద ఆ వైపుకు వీపు పెట్టి కూర్చోవడం మొదలుపెట్టాడు. గురువారం పొద్దున్నే, ఊరికి దక్షిణాన సరుగుడుతోటలో ఉన్న గురువు పాకకు వెళ్ళాడు. గురువు తాటాకు తట్ట అంచు బిగిస్తున్నాడు. కొర్లయ్య దణ్ణం పెట్టి, నేల చూపులు చూస్తూ అడిగాడు.

"సామీ, తెలియక సేసినదానికి మనిషి సిగ్గుపడాలా?"

అడగడంలోనే కావలసిన జవాబు కూడా పెట్టి అడిగాడు. 'అక్కర్లేదు నాయనా' అని ఆ పెద్దాయన నోట ఒక్కమాట వస్తే, ఆ మాట మీద కాళ్ళు నిలదొక్కుకుని మధ్యాహ్నం అధికారుల ముందు నిలబడదామని ఆశ. గురువు అంచు బిగించడం పూర్తిచేసి, ఆ తట్టనే కొర్లయ్య చేతిలో పెట్టాడు.

"గుల్లలపేటెళ్ళి దీన్నిండా ఇసక పట్టుకురా. అమ్మోరి గుడిముందు పరవాల. నువ్వు తవ్వుకోకు, ఆ ఊరోళ్ళ చేత అడిగి పెట్టించుకో. ఒడ్డు ఎంబడే ఎళ్ళు, రోడ్డుమీద వద్దు."

"ఇసకైతే మన ఒడ్డున మేటేసి ఉన్నాది కదా సామీ" అన్నాడు కొర్లయ్య.

"ఉన్నాది, ఉన్నాది. బోలెడున్నాది" అని గురువు ఇంకో తట్ట ఒళ్ళోకి లాక్కున్నాడు.

ఊరిపెద్ద తట్ట పట్టుకుని బయలుదేరాడు. తమ ఊరి ఒడ్డున ఇసక చీలమండల దాకా దిగబడుతోంది. గట్టెక్కి అవతలకి దిగేసరికి కాలు ఠక్కున గట్టినేలకు తగిలింది. ఇసక లేదు. నల్లటి బంకమట్టి, అందులోంచి పైకి తేలిన కొబ్బరి వేళ్ళు, పగిలిన పెంకులు. మూడేళ్ళలో ఆయన గుల్లలపేటకు నాలుగైదుసార్లు వచ్చాడు, కానీ వచ్చినప్పుడల్లా ఊరి వెనక రోడ్డుమీద ట్రాక్టరుతోనే వచ్చాడు. ఒడ్డు వెంట నడిచి రావడం ఇదే మొదలు. కొంతదూరం పోయాక నీళ్ళలో నిలువెత్తు గుండ్రటి కట్టడం ఒకటి కనిపించింది. ఏమిటా అని దగ్గరికెళ్ళి చూస్తే బావి. చుట్టూ ఉన్న నేలంతా కొట్టుకుపోయి, ఒకప్పుడు భూమిలో ఉండాల్సిన సిమెంటు ఒరలు అల మధ్య ఒంటరిగా నిలబడి ఉన్నాయి. పెళ్ళిళ్ళకొచ్చినప్పుడు ఆ బావి నీళ్ళు తాను ఎన్నిసార్లో తాగాడు. అప్పట్లో బావి దగ్గర నిలబడితే అల చప్పుడు కూడా సరిగా వినపడేది కాదు. కొర్లయ్యకు వెనక్కి తిరిగిపోదామనిపించింది, కానీ గురువు మాట ఒకటుందిగా.

మొదటి ఇల్లు తోటమ్మది. మూడేళ్ళ కిందట అది ఊళ్ళో మూడో వరస. డెబ్భై ఏళ్ళ మనిషి, గుమ్మంలో కూర్చుని చేపలకు ఉప్పు పట్టిస్తోంది. కొర్లయ్యను చూడగానే చేతులు కొంగుకు తుడుచుకుంటూ లేచింది.

"ఓలమ్మో, కొర్లయ్యే! అల్లుడూ, ఏటిలాగ నడిసొచ్చినావు? ట్రాకటరేటి పాడైపోనాదా?" అని నవ్వి, పీట తెచ్చి వేసింది. "నిన్ను సూసి ఎన్నాళ్ళయింది. కూకో, కూకో."

ఆయన కూర్చోలేదు. తట్ట చూపించి, గురువు పంపిన సంగతి చెప్పాడు. గుడి ముందర పరవడానికి ఈ ఊరి ఇసక తట్టెడు కావాలన్నాడు. ఆ మాట వినగానే తోటమ్మ మొహంలో నవ్వు ఎటో పోయింది. ఒడ్డు వైపు చూసింది. ఇంటి మూలకి చూసింది. పెరట్లోకి వెళ్ళొచ్చింది. అడిగినవాడు గురువు, అడిగింది అమ్మోరి గుడికి, అడిగిందో, మట్టికన్నా చవకైన ఇసక. లేదనడానికి ఆవిడకు నోరు రాలేదు.

"ఉండల్లుడూ" అని లోపలికెళ్ళింది. తలుపు తీసే ఉంది కాబట్టి కొర్లయ్యకు అంతా కనిపిస్తూనే ఉంది. మూలన మంచినీళ్ళ కుండలు రెండు, చల్లగా ఉండాలని ఇసక తిన్నె మీద పెట్టుకున్నవి. ఆ తీరాన అందరిళ్ళలోనూ ఉండేదే. తోటమ్మ ఒక్కొక్క కుండనే రెండు చేతులా పొదివిపట్టుకుని పక్కన పెట్టింది. మోకాళ్ళ మీద కూర్చుని, ఆ తిన్నెను చిప్పతో గీకి గీకి తట్టలోకి తోడింది. చీమల్నీ ఊకనీ ఏరి పారేసింది. అడుగున మట్టి తగిలేదాకా తోడినా తట్ట నిండలేదు, ముప్పాతిక వచ్చింది. ఖాళీ అయిన చోట కుండ పెట్టబోతే ఒరిగిపోయింది. పెంకుముక్క ఒకటి కింద దోపి నిలబెట్టి, తట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఏడాదికోపాలి మార్సీదాన్ని. ఒడ్డు పోయినకాడినుంచి మార్సనేదు, అందుకే రంగు తిరిగిపోనాది. అయినా ఇది మా ఊరి ఇసకే బాబూ, ఒట్టు. నిండనేదని గురువుగారికి సెప్పకు. గుల్లలపేటలో తట్టెడు ఇసక పుట్టనేదంటే ఎంత సిగ్గు!" అంది.

కొర్లయ్య తట్టలోకి చూస్తూ, "సిగ్గెందుకత్తా, సముద్రం తీసుకుపోతే నువ్వేటి సేస్తావు?" అన్నాడు. అనకుండా ఉన్నా బాగుండేది. ఆవిడ ఇటూ అటూ ఎవరూ లేరు కదా అని చూసుకుని, గొంతు తగ్గించింది.

"నీకు సెప్తే ఏటి. నువ్వు నా కడుపున పుట్టినోడితో సమానం. ఊరి ఒడ్డు పోనాది నావల్లే అల్లుడూ. మా ముసిలోడు తుపానులో సిక్కుకున్నపుడు అమ్మోరికి సీర మొక్కినాను. ఆడు తిరిగొచ్చినాడు. నాను సీరా తెచ్చినాను. ఇంతట్లోకి మా కోడలికి పురుడొచ్చింది, దాని ఒంటిమీద మంచి గుడ్డ నేదు. ఎనకాల ఇస్తానే అమ్మా అని, ఆ సీర దానికి కట్టబెట్టీసినాను. ఆ ఏడే ఇసకెళ్ళిపోనాది. జాతరనాడు నువ్వు లెగిసి సెప్పినావు సూడు, మొక్కు ఎగ్గొట్టినోళ్ళకే తెలియాలని. నాకేసే సూసి అన్నట్టనిపించింది. నాకు తల కొట్టీసినట్టయింది. నువ్వు పంచిన సీర నాను కట్టనేదు, తిన్నగా తీసుకెళ్ళి అమ్మోరికి కట్టీసినాను. అయినా అమ్మ కరగనేదు. ఇళ్ళు పోనోళ్ళ మొగాలు సూడనేక, నీళ్ళకి కూడా అందరూ ఎళ్ళొచ్చినాక ఎల్తన్నాను. ఇది మా ముసిలోడికి కూడా తెల్దు. నీ కడుపులో పెట్టుకో."

ఇంజినీరమ్మ ఇసకలో గీసిన గీతలు కొర్లయ్య కళ్ళముందు మెదిలాయి. ఒక్క మాట చాలు. నీ చీర కాదత్తా, నా గట్టు అంటే చాలు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. వచ్చి అక్కడే ఉండిపోయింది. "ఊరుకో అత్తా, ఊరుకో" అని మాత్రం అన్నాడు.

తోటమ్మ కళ్ళు తుడుచుకుని, వచ్చినవాణ్ణి బాధపెట్టానేమోనని మాట మార్చింది. "నీకు గేపకముందా? మీ నాన్న తెడ్లు జారిపోయినపుడల్లా మా ఒడ్డుకే కొట్టుకొచ్చేవి. నానే ఏరి, చూరులో దోపి ఉంచీదాన్ని. నువ్వు లాగూ ఎగదోసుకుంటా పరిగెట్టుకొచ్చి, అత్తా మా తెడ్డొచ్చిందా అని అడిగీవోడివి. మీ ఊళ్ళో ఏది జారినా మాకే వచ్చీది మరి" అని నవ్వింది.

జ్ఞాపకం లేకేం. తెప్ప మీంచి ఏది జారినా ఉత్తరానికే పోతుందని తెడ్లపాలెంలో నడక వచ్చిన ప్రతి పిల్లాడికీ తెలుసు. ఇంజినీరమ్మ చెబితే కొత్తగా తెలిసినట్టు మొహం పెట్టాడు గానీ, నల్లరాయి తొలి లారీ దిగినప్పుడు కూడా ఆయనకు ఆ సంగతి తెలుసు. ఆలోచించలేదంతే. ఆలోచిస్తే గట్టు వెయ్యడం కుదరదు కాబట్టి ఆలోచించలేదు. పొద్దున గురువు దగ్గర ఎంత వినయంగా 'తెలియక' అన్నాడో గుర్తొచ్చి కొర్లయ్య చెవులు కాలిపోయాయి. అక్కడ ఇంకో క్షణం నిలబడలేకపోయాడు. తోటమ్మ సాయంపట్టి తట్ట నెత్తికెత్తితే, ఆవిడ మొహం చూడకుండా నడిచి వచ్చేశాడు. 'మజ్జిగైనా తాగి ఎళ్ళు అల్లుడూ' అని ఆవిడ వెనక నుంచి కేకేస్తూనే ఉంది.

గట్టు దాటాక తమ ఊరి మేట తెల్లగా మెరుస్తూ ఎదురొచ్చింది. దానిమీద అడుగు వెయ్యబుద్ధి కాలేదు. మోకాటిలోతు నీళ్ళలోకి దిగి, అల కొట్టే చోట తూలుతూ నడిచాడు. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు చూసి, "పెద్దోరేటి తట్టలు మోస్తన్నారు! మేటంతా ఒగ్గీసి ఆ నీళ్ళలో నడకేటి!" అని వేళాకోళం చేశారు. ఆయన వినిపించుకోలేదు.

గురువు తట్ట అందుకుని కింద పెట్టి, చెయ్యి ముంచి చూశాడు. "తడిగా, చల్లగా ఉన్నాదే. ఎక్కడిది?" అన్నాడు.

కొర్లయ్య ఏదీ దాచలేదు. బావి ఒరలు చెప్పాడు, కుండల కింద తిన్నె చెప్పాడు, చీర మొక్కు చెప్పాడు, జాతరలో తానన్న మాట చెప్పాడు, తెడ్డు సంగతీ చెప్పాడు. తానక్కడ నోరు విప్పలేకపోయిన ముక్క చెప్పేటప్పుడు మాత్రం అంత మనిషీ తల దించుకుని, వేలితో నేల గీరుతూ కూర్చున్నాడు.

"గండి కొట్టమనే సెప్తాను సామీ. ఇంకో గంటలో వొస్తారు, ఊరందరి ముందరే సెప్తాను. మనోళ్ళు నామీద రాళ్ళిసిరినా సరే, అదే మాట కాగితం మీద సంతకం పెడతాను" అన్నాడు.

"మంచిది" అన్నాడు గురువు.

కొర్లయ్య లేచాడు. రెండడుగులు వేసి ఆగాడు. "తోటమ్మత్తకి... నాకు మొగం సెల్లదు సామీ. ఎవరి సేతైనా కబురెట్టిస్తాను, ఇది నీ సీరవల్ల అయింది కాదని."

గురువు తట్టలోంచి చెయ్యి తీసి, అంటుకున్న ఇసకను దులుపుకోకుండా అలాగే చూస్తూ అన్నాడు.

"నీ సిగ్గు మూడేళ్ళనుంచి ఆ ముసిల్ది నెత్తినెట్టుకుని మోస్తన్నాదిరా. కబురెళ్ళి దింపుతాదా?"